రొట్టె చప్పుడు

"నా పేరియ్యమని నీకెవరు చెప్పిన్రయ్యా? నేను చెప్పిన్నా?"

శుక్రవారం పొద్దున లేచింది మొదలు నాగరాణి ఈ మాట అడగడం నాలుగోసారి. మొదటిసారి మల్లేశ్వర్ చాయ్ తాగుతున్నాడు. రెండోసారి గడ్డం గీసుకుంటున్నాడు. మూడోసారి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నాలుగోసారికి అడ్డం పెట్టుకోవడానికి పాపం ఏమీ దొరకలేదు.

"చెప్పిన గదనే! జొన్నరొట్టె మంచిగ కొట్టెటోళ్లు ఎవరున్నరు, ఆదివారం క్లాసుకొచ్చి చూపిస్తరా అని సుమిత్రమ్మ మేడం అడిగింది. అందరు నా దిక్కే చూసిన్రు. నేనేమనాలె? మా ఇంట్ల రొట్టెలే చెయ్యరని చెప్పాల్నా?"

"మా ఆమెకు తీరదని చెప్పాలె."

"ఎందుకు తీరదు?"

నాగరాణి కొంగు సర్దుకుంది. జవాబు లేక కాదు. ఆ జవాబును నాలుగు నెలలుగా కొంగు కింద దాచుకొని తిరుగుతోంది. అది ఆమె కుడిచేయి.

ఎండాకాలంలో మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కేవి. విదిలిస్తే పోయేది. పోనుపోను విదిలించినా పోలేదు. ఒకరోజు పెనం మీద రొట్టె తిప్పుతుంటే కమురు వాసన వచ్చింది. రొట్టె మాడుతోందేమో అనుకుంది. చూస్తే పెనానికి ఆనుకొని ఉన్నది తన వేలు. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో రొట్టెలు అంబిక చేసినవే. రెండు వీధుల అవతల అంబికకు రొట్టెల బండి ఉంది. నాగరాణి పదకొండింటికి వెళ్లి, ఆరు రొట్టెలు గుడ్డలో చుట్టుకొని, వెనక వాకిలి నుంచి ఇంట్లోకి వచ్చేది. కూర ఎడమచేత్తో ఎలాగో అయ్యేది. రొట్టెకు మాత్రం రెండు చేతులూ కావాలి.

అయితే పదకొండింటికి మొగుడు ఇంట్లో ఉండకూడదు. అసలు కష్టం అక్కడే వచ్చింది. తాండూరు ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్లు బస్సుల కింద పడుకున్న మెకానిక్, రిటైరయ్యాక ఏం చేయాలో తోచక ఇంట్లో సామాను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. మిక్సీ అయింది, కూలరు అయింది, కుట్టుమిషను అయింది. విప్పినవన్నీ మళ్లీ బిగించేవాడు, కాదనలేం. కానీ ప్రతిసారీ ఒక మర మిగిలేది. అలాంటి మనిషిని, పెన్షనర్ల భవనంలో పెద్దవాళ్లకు క్లాసులు పెడుతున్నారని తెలిసి, "ఫోను నేర్చుకో, బిడ్డతోని ముఖం చూస్కుంట మాట్లాడొచ్చు" అని ఫారం నింపించి పంపింది నాగరాణే. వారం తిరక్కుండా ఆయన వంట క్లాసులో తేలాడని విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరే, ఏ క్లాసైతేనేం, పది నుంచి పన్నెండున్నర దాకా ఇల్లు ఖాళీ.

ఇప్పుడు ఆ క్లాసే తన మీదికి వచ్చింది.

"పద్నాలుగు మంది మొగోళ్ల ముంగట కూసోని నేను రొట్టెలు కొట్టాల్నా?"

"పద్నాలుగే కాదు. వికారాబాద్ పెన్షనర్ల సంఘమోళ్లు గూడ పది మంది వస్తున్నరు. పొద్దుగాల రైలుకు దిగుతరు." మల్లేశ్వర్ చెప్పులేసుకుంటూ ఇంకో మాట జారవిడిచాడు. "నిరోషాకు గూడ ఫోన్ చేసిన. డ్యూటీ దిగి సీదా అక్కడికే వస్తదట."

నిరోషా రావడమే నాగరాణికి అసలు భయం. వికారాబాద్‌లో నర్సు పని చేస్తున్న కూతురు, గడపలో చెప్పులు విప్పుతూనే ఎవరి కాలు వాచిందో, ఎవరి కళ్లు పచ్చబడ్డాయో చెప్పేసే రకం. ఈ నాలుగు నెలల్లో నిరోషా వచ్చిన మూడుసార్లూ నాగరాణి ఆ చేతిని కొంగులోంచి బయటికి రానివ్వలేదు.

చెప్పేస్తే పోయేది కదా అని మీరు అడగొచ్చు. చెబితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఈ ఇంట్లో అది ఒకసారి జరిగింది. చేసింది తనే.

*

మధ్యాహ్నం మల్లేశ్వర్ కంచం ముందు కూర్చున్నాడు. వంకాయ కూర, రెండు రొట్టెలు. తుంచాడు, నమిలాడు.

"రొట్టె మంచిగున్నది."

 పొద్దుటి గొడవ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరి మధ్యా కూర గిన్నె మాత్రం అటూ ఇటూ జరిగింది.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో తను చేసిన రొట్టెకు ఆ మాట ఏనాడూ దక్కలేదు. పగిలితే చెప్పేవాడు, మాడితే చెప్పేవాడు. బాగుంటే తిని లేచేవాడు. అంబిక రొట్టెలు మొదలైన దగ్గర్నుంచి మాత్రం రోజూ ఈ మెప్పు. వంట క్లాసులో మర్యాదలు కూడా నేర్పుతున్నారు కాబోలు అనుకుని ఇన్నాళ్లూ ఊరుకుంది. ఇవాళ ఎందుకో ఆ మాట గుచ్చుకుంది.

"ఇంకోటి ఎయ్యి" అన్నాడు ఆయన.

ఎడమచేత్తో వేసింది. ఆయన ఆ చేతి వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి కొంచెం ఎక్కువే శ్రద్ధ పెట్టినట్టు అనిపించింది ఆమెకు.

*

శనివారం పొద్దున కందులు పప్పు పట్టించుకు రమ్మని ఆయనను మిల్లుకు పంపి, నాగరాణి పెన్షనర్ల భవనం మెట్లెక్కింది. తన పేరు తీయించుకోవాలి. అంతే, వేరే ఆలోచన లేదు.

ముందు గదిలో రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన నలుగురు ఆడవాళ్లకు కన్నడ అక్షరాలు దిద్దిస్తున్నాడు. వెనక గదిలోంచి తాలింపు ఘాటు వస్తోంది. అక్కడ భుజాన తువ్వాళ్లు వేసుకున్న ఆరుగురు మగవాళ్లు, పెళ్లి వంటవాళ్ల కంటే ఎక్కువ హడావిడి పడుతూ, ఒకే ఒక్క కిలో ఉల్లిగడ్డలు కోస్తున్నారు.

"వదినా, రా రా!" రైల్వే గేటు దగ్గర పని చేసి రిటైరైన దేవప్ప కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "ఏడుస్తలేను, ఉల్లిగడ్డ."

"ఏం నేర్చినవ్ దేవప్పా?"

"ఉప్మా వచ్చింది. నిన్న ఇంట్ల ఒక్కన్నే చేసుకొని తిన్న. మంచిగనే అయింది వదినా." కత్తి పక్కన పెట్టాడు. "గాని మంచిగైందని ఎవలకు చెప్పాలె? గోడకు చెప్పిన."

దేవప్ప భార్య పోయి ఏడాదైంది. మొదటి నెలంతా బేకరీ బన్ను తిని గడిపాడని ఆ వీధి వీధికంతా తెలుసు.  నాగరాణి కోసిన ఉల్లిగడ్డలను ఎడమచేత్తో గిన్నెలోకి ఎత్తింది.

"నాగరాణీ! రేపటికి ఏమేం కావాలో చెప్పడానికి వచ్చినవా?" సుమిత్రమ్మ రిజిస్టరు పట్టుకొని వచ్చింది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై ఎనిమిదేళ్లయింది. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"కాదు మేడం. నా పేరు తీసెయ్యిండ్రి."

"అదేందమ్మా? వికారాబాద్ వాళ్లకు కూడా చెప్పేసిన."

"పదిమందిల మాట్లాడుడు నాకు రాదు."

"మాట్లాడే పనేముంది? చేతితోని చూపించు. చాలు."

కొంగు కింద ఆ చేయి ఒకసారి ముడుచుకుంది. నాగరాణి తల వంచుకుంది.

సుమిత్రమ్మ దాన్ని సిగ్గు అనుకుంది. గొంతు తగ్గించింది. "చూడమ్మా, మీ ఆయన కోసమన్నా రావాలె నువ్వు. మొదటిరోజు వచ్చి ఏమన్నడో తెలుసా? నాకు ఫోన్ వద్దు మేడం, జొన్నరొట్టె ఒక్కటి నేర్పియ్యిండ్రి, ఇంకేది రాకున్నా ఫికర్ లేదు అన్నడు."

"మొదటిరోజా?"

"మొదటిరోజే. అప్పటికి అసలు వంట క్లాసే లేదు. ఆయన అడిగిండు, ఇటు దేవప్ప గతి చూస్తున్న, ఇద్దరి కోసమని షురూ చేసిన. ఇప్పుడు పద్నాలుగు మంది అయిన్రు." ఆవిడ నవ్వింది. "నాకే రొట్టె అంతంత మాత్రం వస్తది, నేనేం నేర్పుత? అందరికన్న ముందొచ్చి తనే కొట్టుకుంటడు. కండ్లు మూసుకొని కొడ్తడమ్మా! ఏంది మల్లేశ్వర్ గారు, రొట్టె చూస్కుంట కొట్టాలె గదా అంటె, చూస్తే వస్తలేదు మేడం అంటడు."

పేరు తీయించుకోవాలన్న మాట నాగరాణి మరిచేపోయింది. అలాగే మెట్లు దిగింది.

మొదటిరోజే రొట్టె ఎందుకు అడిగాడు? తన రొట్టె అంత రుచిగా లేదా? లేక దేవప్పను చూసి, ఈమె పోయాక నా గతేమిటని ఇప్పటి నుంచే సిద్ధపడుతున్నాడా? ఇంటికి చేరేలోపు ఆ రెండో అనుమానమే నిజమని తేల్చేసుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

*

"నేను సచ్చినంక ఏం తినాల్నని ఇప్పటిసందే నేర్చుకుంటున్నవా?"

సాయంత్రం. మల్లేశ్వర్ వాకిట్లో కూర్చొని బాగానే ఉన్న సైకిలు చెయిన్‌కు నూనె వేస్తున్నాడు. చేయి ఆగింది.

"ఏం మాటలే అవి?"

"మేడం చెప్పింది. మొదటిరోజే రొట్టె అడిగినవట. ఫోను గీను ఒద్దన్నవట. నా రొట్టె మింగుడు పడ్తలేదంటె నా ముఖం మీదనే చెప్పాలె. ఊరందరికి ఎందుకు చెప్పుకునుడు?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. నూనె ఎప్పుడో పోయింది.

"డిపోల నా పనేంది?" అన్నాడు చివరికి.

"ఇప్పుడు డిపో ఎందుకు?"

"బండి గేట్ల అడుగుపెట్టంగనే చప్పుడు ఇని చెప్తుంటి, ఏ చక్రంల ఏమున్నదో. డ్రైవర్‌కు తెల్వకున్న నాకు ఎరుక అయితుండె. మరి ఇంట్ల ముప్పై ఎనిమిదేండ్లు ఇన్న చప్పుడు మారితె నాకు తెల్వదానే?"

నాగరాణి వాకిలి స్తంభం పట్టుకుంది.

"నీ రొట్టె నాలుగు దెబ్బలు, ఒక తిప్పుడు. ఎన్నడు తప్పలే. ఎండకాలంల నాలుగో దెబ్బ పడుడు బందైంది. మల్ల మూడోది గూడ మెత్తగైంది. ఒకనాడు అసలు చప్పుడే లేదు, గిన్నెల రొట్టెలున్నయి."

"గప్పుడే అడగొద్దా నన్ను?"

"నువ్వే చెప్తవని చూసిన."

"నాలుగు నెలలా!"

"నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తున్నవని సమజైంది. నేనుంటె నీకు తకలీఫ్ అయితున్నది. అందుకే పోయిన. పోయినోన్ని ఖాళీగ కూసునుడెందుకని రొట్టె నేర్చిన."

ఇన్నాళ్లూ గుడ్డలో చుట్టి దొడ్డిదారిన తెచ్చింది రొట్టెలను కాదు, తన తెలివితక్కువతనాన్ని అనిపించి నాగరాణికి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. సిగ్గు పడిన మనిషికి కోపం ఎంతసేపట్లో వస్తుంది!

"ఎరుక ఉండి నా పేరెందుకిచ్చినవ్? పదిమందిల నా ఇజ్జత్ తీస్తందుకా?"

"నువ్వు చెప్పు, నేను కొడ్త" అన్నాడు మల్లేశ్వర్. "నీళ్లు ఎంత మసలాలె, పిండి ఎంత పిసకాలె, ఎప్పుడు తిప్పాలె, అదంత నీకు తెలుసు. నాకున్నయి చేతులే. రేపు అందరి ముంగట నేర్పెటామెవు అయితె, ఎల్లుండి నిన్ను ఎవరు పక్కకు కూసోవెట్టరు. మా అవ్వను కూసోవెట్టినట్టు."

ఆ చివరి మాట ఆయన కావాలని అన్నాడో, నోరు జారాడో. అయితే పడాల్సిన చోటే పడింది.

ఆయన తల్లి సంగతి అది. ఒకసారి కొడంగల్ నుంచి చుట్టాలు వచ్చారు. ముసలామె చేతిలో రొట్టెలు పగిలిపోతున్నాయి. "నువ్వు కూసో అత్తా, ఇగ నేను చూసుకుంట" అని నాగరాణి నవ్వుతూనే, అత్త ముందున్న రొట్టెల బండను రెండు చేతులా ఎత్తి తన ముందు పెట్టుకుంది. కోడలు కూర్చోబెట్టి పెడుతోందని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు నుంచి ముసలామె వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. మంచినీళ్లు కావాలన్నా అవతల నిలబడి చుట్టం లాగా అడిగేది. అలా ఆరేళ్లు బతికింది.

"నేను మర్యాదగనే చెప్పిన" అంది నాగరాణి. 

"మర్యాదగనే చెప్పినవ్. నేను గూడ మర్యాదగనే ఊకున్న."

 వీధిలో ఎవరో గేదెలను అదిలించుకుంటూ పోయారు. ఆ ఆరేళ్లూ వాళ్లిద్దరి మధ్యా ఆ ముసలామె ఎన్నిసార్లు నిలబడి ఉంటుందో, ఇద్దరూ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తుకోలేదు.

"నేను రాను" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

*

ఆదివారం ఆమె తల స్నానం చేసి వచ్చేసరికి ఆయన లేడు. సరే పోనీ అనుకుని వంటింట్లోకి వెళ్లింది.

బండ లేదు.

తాండూరు నాపరాయిని గుండ్రంగా చెక్కించి అత్త తెచ్చుకున్న బండ అది. ముందు అత్త అరచేతులకు, తర్వాత తన అరచేతులకు మధ్యలో అరిగి నున్నబడింది. నాలుగు నెలలుగా దాని మీద పిండి పడకపోయినా రోజూ తుడిచి గోడకు ఆనించి పెడుతోంది. ఇప్పుడు గోడ దగ్గర దాని ఆకారంలో తెల్లటి గుర్తు మాత్రమే ఉంది.

తన బండను తనకు చెప్పకుండా ఎత్తుకుపోతాడా? చీర కుచ్చిళ్లు ఎడమచేత్తో సర్దుకుంది, తాళం వేయడం కూడా మరిచిపోయి వీధిలో పడింది. దారిలో ఎవరో పలకరిస్తే వినిపించుకోలేదు. నా బండ నాకియ్యి అని అందరి ముందూ అడిగి తెచ్చుకోవాలి, అంతే. సగం దూరం వెళ్లాక, గడప అవతల నిలబడ్డ అత్త ఏనాడూ ఆ మాట అడగలేదని గుర్తొచ్చింది. నడక నెమ్మదించింది. కానీ ఆగలేదు.

హాలు నిండిపోయి ఉంది. తాండూరు వాళ్లు, వికారాబాద్ వాళ్లు, గోడల వెంట కుర్చీలు. మధ్యలో చాప, పొయ్యి, పెనం. చాప మీద బండ. బండకు ఒక పక్క మల్లేశ్వర్ తువ్వాలు నడుముకు చుట్టుకొని కూర్చున్నాడు. ఇంకో పక్క ఖాళీ పీట. బండ ఆ పీట ముందే ఉంది. ఆయన చేతులు చాపితే గాని అందదు.

అందరూ ఆమె వైపు తిరిగారు. అడగాలనుకున్న మాట నోటి దాకా వచ్చింది. ఈలోగా మల్లేశ్వర్ పిండి గిన్నెలో నీళ్లు వంచబోయాడు.

"ఆగు! గవ్వి మసల్లేదు!" అంది నాగరాణి. "గోరువెచ్చని నీళ్లు పోస్తె అంచులు పగుల్తయి. బుడగలు పైకి రావాలె."

దేవప్ప జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి అది రాసుకున్నాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు తీశారు. నాగరాణి వచ్చి పీట మీద కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలియదు.

నీళ్లు మసిలాయి. పిసకమంది, ఇంకా అంది, చాలంది. "మునివేళ్లతోని కాదు, అరచేతి మడిమెతోని." ముద్ద చేశాడు. పొడిపిండి చల్లాడు. "నడుమల కొట్టకు. అంచుకెల్లి కొట్టు, రొట్టె అంచుకెల్లి పెరుగుతది."

మల్లేశ్వర్ కళ్లు మూసుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కొట్టాడు.

నాలుగు దెబ్బలు, ఒక తిప్పుడు. నాలుగు దెబ్బలు, ఒక తిప్పుడు.

 అది నాగరాణి చప్పుడు. ఇన్నేళ్లు చేసిందే గాని ఇలా ఎదురుగా కూర్చొని ఏనాడూ వినలేదు. అందులో అంత ధీమా ఉందని ఆమెకు తెలియదు. ఒకప్పుడు గడప అవతల కూర్చొని అత్త విన్నది కూడా దీన్నే కదా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"అమ్మా! మెట్ల కిందికెల్లే ఇన్న నీ చప్పుడు! నేనొచ్చెదాంక ఆగొద్దా?"

నిరోషా గుమ్మంలో ఉంది. రాత్రి డ్యూటీ అలసటంతా ముఖం మీద ఉన్నా నవ్వుతోంది. నవ్వుతూ రెండడుగులు వేసి ఆగిపోయింది. పిండి అంటిన తండ్రి చేతులు చూసింది. తల్లి ఎడమచేయి పెనం వైపు చూపిస్తోంది. కుడిచేయి కొంగులో ఉంది. నవ్వు పోయింది. మూడుసార్లు వచ్చినప్పుడు కనబడని చేయి ఒక్కసారే లెక్కకు వచ్చినట్టుంది. చెప్పులు విప్పి వచ్చి చాప మీద కూర్చుంది.

"అమ్మా, చెయ్యి తియ్యి."

"ఊకో బిడ్డా. పెనం మీద రొట్టె ఉన్నది."

"నాయిన చూసుకుంటడు. తియ్యి."

  నాగరాణి మల్లేశ్వర్ వైపు చూసింది. ఈసారి ఆయన ఊరుకోలేదు.

"చూపియ్యి" అన్నాడు. "బండ నీ ముంగటనే ఉంటది."

ఆమె కొంగులోంచి కుడిచేయి తీసి కూతురి అరచేతిలో పెట్టింది. నిరోషా కాలిన మచ్చను చూసింది. తర్వాత ఒక్కొక్క వేలే పట్టుకొని నొక్కడం మొదలుపెట్టింది. "ఇది తెలుస్తున్నదా? ఇదో? ఇది?"

 నాగరాణి తన చేతి వైపు కాదు, బిడ్డ ముఖం వైపు చూస్తోంది. ఆ వేళ్లను పట్టుకున్న బిడ్డ చేయి వెచ్చగా ఉందో చల్లగా ఉందో ఆమెకు తెలియలేదు.